తబర్ కాల్చిన రాత్రి

2024 మార్చి చివరి వారం. ఐఎన్ఎస్ కోల్‌కతా 35 మంది సోమాలీ సముద్రపు దొంగలను ముంబయి తెచ్చి పోలీసులకు అప్పగించిన దృశ్యాలు టీవీలో మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. ఆ ఆదివారం మా బావమరిది మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నేవీలో 24 ఏళ్ళు చేసి చీఫ్ పెట్టీ ఆఫీసరుగా రిటైరయ్యాడు, ఆ సర్వీసులో ఎక్కువ భాగం ఫిరంగుల దగ్గరే గడిచింది. ఇప్పుడు గాజువాకలో ఉంటాడు. నేవీ గురించి పేపర్లో ఏ వార్త వచ్చినా కత్తిరించి పాత రిజిస్టరు పుస్తకాల్లో అంటించుకుంటాడు. మా అమ్మాయి లా కాలేజీలో పాఠాలు చెబుతుంది. మేనమామకూ మేనకోడలికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. వాదన మొదలైతే మాత్రం విస్తట్లో అన్నం చల్లారిపోవలసిందే. ఆ మధ్యాహ్నం వాళ్ళు మాట్లాడుకున్నది గుర్తున్నంత మేరకు రాస్తున్నాను.

మామయ్య: చూశావా అమ్మడూ? మన తీరానికి 2,600 కిలోమీటర్ల దూరంలో జరిగింది ఇదంతా. రూయెన్ అనే ఓడ, మూడు నెలలుగా దొంగల చేతిలో ఉంది. మనవాళ్ళ డ్రోనును కూల్చారు, మన ఓడ మీదికి కాల్పులు జరిపారు. అయినా మనవాళ్ళు తొందరపడలేదు. ఓడకు స్టీరింగు పనిచేయకుండా చేసి, కదలనివ్వకుండా నిలబెట్టి, విమానంలోంచి మార్కోస్ కమాండోలను సముద్రంలోకి దింపి, మొత్తం 40 గంటలు ఓపిక పట్టారు. పదిహేడు మంది సిబ్బందీ క్షేమం. దొంగలు 35 మందీ చేతులెత్తేశారు. ఒక్క ప్రాణం పోలేదు.

అమ్మాయి: నాకూ గర్వంగానే ఉంది మామయ్యా. కాకపోతే చూస్తున్నంతసేపూ ఇంకో ఓడే గుర్తొస్తోంది. ఈ ఓపిక 2008 నవంబర్లో ఉండి ఉంటేనా అని.

మామయ్య: ఐఎన్ఎస్ తబర్ సంగతా?

అమ్మాయి: తబర్ సంగతే.

మామయ్య: ఆ వార్త నా పుస్తకంలో ఉంది. దొంగల మదర్ షిప్‌ను, అంటే వాళ్ళ చిన్న పడవలను వెంటేసుకు తిరిగే పెద్ద ఓడను, సముద్రంలో ముంచేశాం. ఆ రోజు నేను స్వీట్లు పంచాను, మీ నాన్నకు గుర్తుండే ఉంటుంది.

(గుర్తుంది. పావుకిలో మైసూర్‌పాకు తెచ్చాడు.)

అమ్మాయి: అది మదర్ షిప్ కాదని వారం తిరిగేసరికి తెలిసింది కదా. ఏకవత్ నవా 5. థాయిలాండ్ వాళ్ళ చేపల ట్రాలరు. దొంగలు దాన్ని పట్టుకున్నదీ నవంబర్ 18నే, మీ తబర్ దాన్ని ముంచిందీ ఆ సాయంత్రమే. లోపల ఆ ట్రాలరు మనుషులు బందీలుగా ఉన్నారు. ఒకతను, కంబోడియా అతను, ఆరు రోజులు సముద్రంలో తేలి ప్రాణాలతో దొరికాడు. పద్నాలుగు మంది జాడే తెలియలేదు.

మామయ్య: నీకు తెలిసింది తబర్‌కు ఎప్పుడు తెలిసింది? అది చెప్పు ముందు. తీర్పు ఇచ్చేవాళ్ళకు వారం తర్వాతి పేపరు చేతిలో ఉంటుంది. ఫిరంగి దగ్గర ఉన్నవాడికి ఉండదు. నేను తబర్ మీద పని చేయలేదు గానీ అలాంటి ఓడ మీద చేశాను. దాదాపు 180 మంది ఉంటారు దాంట్లో. సలాలా రేవుకు నైరుతిగా 285 నాటికల్ మైళ్ళ దూరంలో ఒక ఓడ కనిపించింది. దొంగల మదర్ షిప్ ఇలా ఉంటుందని బులెటిన్లలో రాసిన వర్ణనకు సరిపోయింది. వెనకాల రెండు స్పీడ్ బోట్లు కట్టి ఉన్నాయి. డెక్కు మీద తుపాకులతో, రాకెట్ లాంచర్లతో మనుషులు తిరుగుతున్నారు. ఆగండి, తనిఖీ చేయాలి అంటే, దగ్గరికొస్తే మీ ఓడను పేల్చేస్తాం అన్నారు. ఆ తర్వాత కాల్చారు కూడా. యుద్ధనౌక మీద కాల్చారమ్మా! అప్పుడు కెప్టెన్ ఏం చేయాలి?

అమ్మాయి: కాల్చవచ్చు. ఆ హక్కు లేదని నేననలేదు.

మామయ్య: మరి?

అమ్మాయి: ఎంత కాల్చాలి, ఎక్కడికి కాల్చాలి, కాల్చాక ఏం చేయాలి. నా ప్రశ్నలు ఇవీ. తబర్ గంటకు ముప్పై నాట్ల వేగంతో పోయే యుద్ధనౌక. ఎదుట ఉన్నది చేపల ట్రాలరు. అది పారిపోలేదు. దూరం జరిగి, వెంట ఉంటూ, తెల్లారేదాకా కాచుకోవచ్చు. మొన్న కోల్‌కతా చేసిందదేగా.

మామయ్య: "నాట్లు" అంటేనే గంటకు అని అర్థం, మళ్ళీ గంట కలపకు. (నవ్వాడు.) దూరం జరగమన్నావు, బాగుంది. 2008ని 2024తో కొలుస్తున్నావు నువ్వు. అప్పుడు మన దగ్గర సముద్రం మీద కాపలా తిరిగే ఇప్పటి పీ-8ఐ విమానాలు లేవు. కమాండోలను అంత దూరం తీసుకెళ్ళి నీళ్ళలో దింపే సీ-17 లేదు. తబర్ ఒంటరిగా ఉంది. ఏడెన్ సింధుశాఖలో మన ఓడలకు కాపలాగా పంపించి నెల కూడా కాలేదు. అసలెందుకు పంపారో మర్చిపోయావు. స్టోల్ట్ వేలర్ ఓడలో 18 మంది మనవాళ్ళు రెండు నెలలు సోమాలియాలో బందీలుగా ఉండి, తబర్ కాల్చడానికి రెండు రోజుల ముందే బయటపడ్డారు. వాళ్ళ పెళ్ళాం పిల్లలు ఢిల్లీలో ఆఫీసుల చుట్టూ తిరిగి ఏడ్చారు. నేవీ ఏం చేస్తోందని దేశమంతా అడిగింది. అదే వారంలో కోట్ల లీటర్ల చమురుతో పోతున్న సిరియస్ స్టార్ ఓడను ఎత్తుకుపోయారు. నవంబర్ 11న ఇదే తబర్ హెలికాప్టర్లో కమాండోలను లేపి జగ్ అర్ణవ్ అనే ఓడనూ, సౌదీ ఓడ ఒకదాన్నీ కాపాడింది. అప్పుడు ఎవరినీ ముంచలేదు. అంటే ఆ కెప్టెన్ చేతులు దురద పెట్టే మనిషి కాదు.

ఇక్కడ ఒక మాట నేను చెప్పాలి. మా బావమరిది చెప్పిన ఈ సంగతిని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోలేకపోయాను. వారం రోజుల తేడాలో అదే ఓడ, అదే సిబ్బంది, ఒకసారి ఎవరికీ ఏమీ కాకుండా రెండు ఓడలను తప్పించారు. రెండోసారి వాళ్ళ మీదికే తూటాలొచ్చాయి. తేడా అక్కడుంది.

అమ్మాయి: కెప్టెన్ మంచివాడో కాదో నేను మాట్లాడటం లేదు మామయ్యా. ఏ పడవను ఎవరు పట్టుకున్నారో, ఎక్కడ పట్టుకున్నారో ఆ సముద్రంలో అన్ని దేశాల నౌకాదళాలకూ కబురు అందాలి. మనం అప్పట్లో ఎవరి కూటమిలోనూ లేం. అమెరికా, యూరప్ దళాలు ఒక దారి, మనం ఒక దారి. ట్రాలరు పోయిన కబురు మన ఓడకు చేరే తోవ సరిగా లేదు. ఆ తర్వాతే బహ్రెయిన్‌లో షేడ్ అనే సమావేశాలు మొదలై, అందరూ ఒకచోట కూర్చుని కబుర్లు పంచుకోవడం నేర్చుకున్నారు. అప్పటికి ఆ పద్నాలుగు మంది లేరు.

మామయ్య: అది తబర్ తప్పా?

అమ్మాయి: తబర్ తప్పు కాకపోవచ్చు. తబర్‌ను పంపినవాళ్ళది.

మామయ్య: ఆ మాటైతే ఒప్పుకుంటాను. ఢిల్లీ మీద నీ కేసు వేసుకో, నాకభ్యంతరం లేదు.

అమ్మాయి: అంత తేలిగ్గా తప్పించుకోలేరు. బులెటిన్లో ఉన్నట్టే ఉంది గనక మదర్ షిప్ అనుకున్నామన్నారు. ఈ సోమాలీ దొంగల మదర్ షిప్పులు ఎక్కడి నుంచి వస్తాయి? సొంతంగా కట్టుకోరుగా! చేపల ట్రాలర్లనూ, ధోవ్ పడవలనూ ఎత్తుకొచ్చి వాటినే వాడతారు. అంటే మదర్ షిప్ అని అనుమానం వచ్చిన ప్రతి ఓడలోనూ బందీలు ఉండటానికే అవకాశం ఎక్కువ. అనుమానం ఎంత గట్టిదైతే అంత జాగ్రత్తగా కాల్చాలి. వీళ్ళు దాన్ని తలకిందులు చేశారు.

ఈ మాటకు మా బావమరిది వెంటనే జవాబు చెప్పలేదు. పెరుగు కలుపుకున్నాడు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం విన్న మాటలన్నిటిలో ఇదే గట్టిగా తగిలింది.

మామయ్య: సముద్ర చట్టం ఏమంటుందో నువ్వే పాఠం చెబుతావు కదా. దొంగల చేతిలో ఉండి, దొంగతనానికి వాడుతున్న ఓడ ఏదైనా సరే, అది దొంగల ఓడే. అవునా?

అమ్మాయి: 103వ అధికరణం. అవును. దాని తర్వాతిదే చెబుతుంది, దొంగల ఓడ అయినంత మాత్రాన దాని జాతీయత పోదని. ఓడకే పోనప్పుడు అందులో చేతులు కట్టేసి పడేసినవాడికి పోతుందా? ఇంకో ఓడ కథ చెబుతాను వినండి. 2010లో ఏప్రిల్ ఒకటిన అర్ధరాత్రి దాటాక సోమాలియాకూ సీషెల్స్‌కూ మధ్య అమెరికా యుద్ధనౌక నికొలస్ మీద దొంగలు కాల్చారు. చీకట్లో సరుకు ఓడ అనుకున్నారు. నికొలస్ తిరిగి కాల్చింది, వెంటబడింది, పడవలో ముగ్గురిని, మదర్ షిప్‌లో ఇద్దరిని పట్టుకుంది. ఐదుగురినీ వర్జీనియా రాష్ట్రంలోని నార్‌ఫోక్ తీసుకెళ్ళి కోర్టులో నిలబెట్టారు. తొమ్మిది రోజులకు యాష్‌లాండ్ అనే ఇంకో నౌక మీదా ఇలాగే జరిగింది. అక్కడొక చిక్కొచ్చింది. ఓడ ఎక్కలేదు, దోచలేదు, ఊరికే కాల్చారు. ఇది పైరసీ అవుతుందా? ఒకే కోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు రకాలుగా చెప్పారు. యాష్‌లాండ్ కేసు జడ్జి, 1820 నాటి తమ సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం సముద్రం మీద దోపిడీ జరిగితేనే పైరసీ, కాబట్టి ఆ నేరం నిలవదన్నాడు. నికొలస్ కేసు జడ్జి, దేశాల మధ్య చట్టం ఆనాడే ఆగిపోలేదు, దాడి చేసినా పైరసీయే అన్నాడు. చివరికి 2012 మేలో పై కోర్టు ఈయన మాటే ఖాయం చేసింది. నికొలస్ మీద కాల్చినవాళ్ళకు యావజ్జీవం పడింది.

మామయ్య: మంచిదేగా. తుపాకీ ఎక్కుపెట్టాక దోచుకున్నాడా లేదా అని లెక్కలేమిటి?

అమ్మాయి: మంచో చెడో, నేను చెప్పేది వేరు. కాల్చినవాళ్ళ మనసులో ఏముందో తేల్చడానికి రెండేళ్ళు, ముగ్గురు నలుగురు జడ్జీలు, రెండు వందల ఏళ్ళ నాటి పుస్తకాలు. ఏకవత్ నవాలో చచ్చినవాళ్ళు దొంగలా కాదా అన్నది తేల్చడానికి ఒక పూట కూడా దక్కలేదు.

మామయ్య: నికొలస్‌కు ఎదురైనవి ఏమిటి? చిన్న పడవలు. లోపల ఎవరున్నారో కళ్ళకు కనిపిస్తుంది. అంతకు ముందు ఏడాది జర్మనీ వాళ్ళ నేవీ ట్యాంకరు స్పెస్సార్ట్ మీద కాల్చినవాళ్ళదీ చిన్న పడవే. ఏడుగురినీ పట్టుకుని కెన్యాకు అప్పగించారు. ట్రాలరు అలా కాదు. అందులో డీజిలు డ్రమ్ములుంటాయి. దొంగలు మందుగుండు పెట్టుకుని ఉంటారు. మనం ఇంజను మీద నాలుగు గుళ్ళు వేద్దామనుకుంటాం, మంట లేస్తుంది, మందుగుండు పేలుతుంది, ఓడ మునుగుతుంది. తబర్ దగ్గర జరిగిందిదే. ముంచాలని ముంచలేదు.

అమ్మాయి: ఒప్పుకుంటాను. సరిగ్గా ఇలాగే 2011 జనవరి 28న కూడా జరిగింది. మీకు తెలుసు.

మామయ్య: ప్రాన్తలయ్ 14. లక్షద్వీప్ దగ్గర. కాంకర్సో అనే చిన్న నౌక.

అమ్మాయి: అదీ థాయ్ ట్రాలరే, దొంగలు ఎత్తుకెళ్ళి మదర్ షిప్‌గా వాడుతున్నదే. మనవాళ్ళు హెచ్చరికగా కాల్చారు, వాళ్ళు తిరిగి కాల్చారు, మనవాళ్ళు మళ్ళీ కాల్చారు. డ్రమ్ములు అంటుకున్నాయి, ట్రాలరు మునిగిపోయింది. అంతవరకూ తబర్ కథే. ఆ తర్వాత? నీళ్ళలో దూకినవాళ్ళనల్లా ఏరారు. ఇరవై మంది జాలరులు, పదిహేను మంది దొంగలు. మార్చిలో వేగా 5 అనే పడవ, అదీ కాల్పుల్లో అంటుకుంది. పదమూడు మంది సిబ్బందిని, అరవై ఒక్క మంది దొంగలను నీళ్ళలోంచి పైకి లాగారు. మామయ్యా, ఆత్మరక్షణకు కాల్చాక కూడా మనుషుల్ని బతికించవచ్చని మన నేవీయే చూపించింది. ఇప్పుడు ఏకవత్ నవా గురించి చెప్పండి. స్పీడ్ బోట్లలో పారిపోతున్న దొంగల వెంట పడ్డారు. ఒక పడవ ఖాళీగా దొరికింది, ఇంకోటి చీకట్లో పోయింది. ఒక మనిషి మాత్రం ఆరు రోజుల తర్వాత దారిన పోతున్న ఓడకు దొరికాడు.

మామయ్య: ఆరు రోజులు...

అమ్మాయి: చెప్పండి.

మామయ్య: ఎండలో ఒక పూట తేలితేనే పెదాలు పగిలిపోతాయి. నాలుక వాస్తుంది. ఉప్పునీళ్ళు ఒక్క గుక్క తాగినా ఇంకా దాహం. ఓడ మీంచి మనిషి పడితే మాకొక డ్రిల్లుంటుంది. ఓడ గిరుక్కున తిరిగి, వచ్చిన జాడలోకే మళ్ళీ రావాలి. పడినవాడిని ఒకడు వేలితో చూపిస్తూనే ఉండాలి, కన్ను తిప్పకూడదు. కన్ను తిప్పితే పోయినట్టే. అలలో తలకాయ కొబ్బరికాయంత ఉంటుంది.

కాసేపటికి గొంతు సవరించుకుని మళ్ళీ తన దారికి వచ్చాడు.

మామయ్య: నువ్వు 2011 మాట తెచ్చావు గనక దాని వెనకాల జరిగింది కూడా చెప్పు. పట్టుకుని బతికించావు. ఇలాంటివన్నీ కలిపి 120 మంది దొంగలు ముంబయి జైళ్ళకు చేరారు. అప్పుడేమైంది? దొంగల చేతిలో ఉన్న ఆస్ఫాల్ట్ వెంచర్ అనే ఓడకు డబ్బు కట్టారు. ఓడను వదిలారు, ఎనిమిది మందిని వదిలారు, ఏడుగురు భారతీయులను మాత్రం ఆపేసుకున్నారు. మావాళ్ళను మీరు పట్టుకున్నారు, వాళ్ళను వదిలితేనే వీళ్ళను వదులుతాం అన్నారు. ఆ ఏడుగురు ఇంటికొచ్చేసరికి 2014 అక్టోబర్ ఆఖరు. పట్టుబడింది 2010 సెప్టెంబర్లో. నాలుగేళ్ళమ్మా! పట్టుకోవడానికీ ఖర్చుంది, అది ఎవరి ఇంటి మీద పడుతుందో ముందు తెలీదు.

అమ్మాయి: ఆ ఏడుగురి బాధకు నేను జవాబు చెప్పలేను. కాకపోతే అందులో ఢిల్లీ తప్పు కూడా ఉంది. దొంగలను పట్టుకుని తెచ్చాం గానీ అప్పటికి మనకు పైరసీ చట్టమే లేదు. 1999లో అలొండ్రా రెయిన్‌బో ఓడను పట్టుకున్నప్పుడూ అంతే, కింది కోర్టు శిక్ష వేస్తే 2005లో హైకోర్టు వదిలేసింది. ఈ 120 మందికీ ఉన్న చట్టాల సెక్షన్లే దిక్కయ్యాయి. 2017 దాకా శిక్షలు పడలేదు. చట్టం పార్లమెంటు దాటింది 2022 డిసెంబర్లో. నిన్న దించారు చూశారూ, ఆ 35 మందిని, వాళ్ళ మీద ఇప్పుడు కొత్త చట్టం ఉంది. పట్టుకున్నవాడిని నిలబెట్టడానికి కోర్టు లేకపోతే, సముద్రంలోనే లెక్క తేల్చేద్దామని అనిపిస్తుంది. అందుకే నాకు చట్టం కావాలి.

మామయ్య: ఇప్పుడు నన్ను ఏం చెయ్యమంటావు? నేవీ క్షమాపణ చెప్పాలంటావా? తన మీద కాల్చినవాడి మీద తిరిగి కాల్చినందుకు తలొంచితే రేపు ట్రిగ్గరు మీద వేలున్న కుర్రవాడు ఒక్క క్షణం తటపటాయిస్తాడు. ఆ క్షణంలో రాకెట్టు వచ్చి హెలికాప్టర్ హ్యాంగర్‌లో పడుతుంది. అక్కడ ఇంధనం ఉంటుంది. నేను చూసుకోవలసింది నా ఓడ కుర్రవాళ్ళని.

అమ్మాయి: కేరళ తీరంలో 2012లో ఇటలీ మెరైన్లు ఇదే మాట అన్నారు. సెయింట్ ఆంటొనీ పడవలో ఇద్దరు జాలరులను కాల్చి చంపి, దొంగలనుకున్నాం, మా ఓడను కాపాడుకున్నాం అన్నారు. మనం ఒప్పుకున్నామా? తొమ్మిదేళ్ళు పట్టు వదల్లేదు. పది కోట్లు డిపాజిట్ చేశాక గానీ మన సుప్రీంకోర్టు కేసు మూయలేదు.

మామయ్య: ఆ రెండూ ఒకటి చేయకు! సెయింట్ ఆంటొనీలో తుపాకీ లేదు. వల తప్ప ఏమీ లేదు. ఏకవత్ నవా మీంచి ముందు కాల్పులొచ్చాయి.

(ఇక్కడ మా బావమరిది నిజమే చెప్పాడు. అమ్మాయి కూడా తలూపింది.)

అమ్మాయి: ఒకటి కాదు. కాల్చినవాళ్ళ వైపు నుంచి చూస్తే ఎంత మాత్రం ఒకటి కాదు. చనిపోయిన జాలరి ఇంటి వైపు నుంచి చూడండి. అతని చేతిలో తుపాకీ రెండు చోట్లా లేదు. ఆ ఇల్లు అడిగేది రెండు చోట్లా ఒకటే, మావాడు దొంగ కాదని మీ నోటితో చెప్పండి అని. తబర్ విషయంలో మనవాళ్ళు ఏం చెప్పారు? ట్రాలరని బయటపడ్డాక కూడా, అది దొంగల ఓడే, ఆత్మరక్షణకే కాల్చాం అన్నారు. ఆ మాట మీదే నిలబడ్డారు. ఆత్మరక్షణే, సరే. ఆ తర్వాత ఇంకొక్క వాక్యం ఉండాలి మామయ్యా. అందులో మత్స్యకారులున్నారు, మాకు తెలియదు, వాళ్ళు పోయారు అని. అది తలొంచడం ఎలా అవుతుంది?

మామయ్య: అవదు అంటావా?

అమ్మాయి: మీ పుస్తకంలో తబర్ వార్త ఉందన్నారు. వారం తర్వాత వచ్చిన వార్త ఉందా?

అతను ఏమీ అనలేదు. చేయి కడుక్కుని వచ్చి, వాళ్ళ ఇంటికి ఫోను చేసి, బీరువా కింద అరలో ఉన్న మూడో పుస్తకం పట్టుకురమ్మని కొడుకుతో చెప్పాడు. కుర్రవాడు బండి మీద వచ్చేసరికి సాయంత్రం నాలుగయింది. పుస్తకం అంచులు చెదలు కొట్టి ఉన్నాయి. తబర్ బొమ్మ ఉన్న కాగితం పసుపుపచ్చగా మారింది. చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీసి ఉంది. పక్క పేజీలో తర్వాతి నెల నేవీ డే వార్త. మధ్యలో ఏమీ లేదు.

మామయ్య: అప్పట్లో వచ్చిందమ్మా. చదివాను. ముంబయి దాడులు జరిగిన వారం కదా, పేపరు నిండా అదే. ఈ వార్త లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. చదివి కత్తిరించలేదు.

కళ్ళజోడు పెట్టుకుని పెన్ను అడిగాడు. ఏకవత్ అనే మాట ఎలా రాయాలని అమ్మాయిని రెండుసార్లు అడిగి, ఎర్ర గీత బయట ఉన్న జాగాలో చిన్న అక్షరాలతో రాశాడు: "ఏకవత్ నవా 5. థాయ్ చేపల ట్రాలరు. దొరికింది ఒక్కడు. పద్నాలుగు మంది లేరు."

మామయ్య: కాల్చడం తప్పని మాత్రం రాయను.

అమ్మాయి: రాయమని నేనడగలేదు. వాళ్ళను వెతికారా లేదా అన్నది కూడా రాయండి.

మామయ్య: అది నాకు తెలియదు కదమ్మా.

అమ్మాయి: అయితే జాగా వదలండి.

పెన్ను మూత పెట్టకుండానే ఆ వాక్యం కింద రెండు వేళ్ళ జాగా కొలిచి, ఒక గీత గీశాడు.